ఒకే ఊరు, రెండు రూళ్ళు: కోకాపేటకు లేని హద్దు మొయినాబాద్‌కు ఎందుకు?

హైదరాబాద్ శివారులోని గండిపేట చెరువుకు తూర్పున కోకాపేట ఉంది. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ, అక్కడి నియోపొలిస్ లేఅవుట్‌లో 45.33 ఎకరాలు వేలం వేస్తే 3,319 కోట్ల రూపాయలు వచ్చాయి. ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. అదే చెరువుకు పడమర మొయినాబాద్. అక్కడి రైతు తన పొలంలో కాలనీ లేఅవుట్ వేద్దామంటే 1996 నుంచి ఒక జీవో అడ్డుగా ఉంది. దాని అసలు పేరు జీవో ఎంఎస్ నంబర్ 111. అందరూ పిలిచేది మాత్రం ట్రిపుల్ వన్ అని.

ఈ జీవో ఉందా, పోయిందా అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ప్లాట్లు అమ్మేవాళ్ళను అడిగితే ఎప్పుడో ఎత్తేశారంటారు. ఉంది, జాగ్రత్త అని పర్యావరణవాదులు హెచ్చరిస్తారు. ఎత్తేస్తే మాకేమొచ్చింది, భూములు ఎప్పుడో చేతులు మారాయి అని ఊళ్ళో పెద్దమనుషులు నిట్టూరుస్తారు. ముగ్గురి మాటలోనూ నిజముంది. అదెలాగో తెలియాలంటే ముందు ఊరు పెరిగేటప్పుడు ప్రభుత్వం ఇళ్ళకు హద్దు ఎన్ని రకాలుగా పెడుతుందో చూడాలి.

హద్దు పెట్టే పనిముట్లు

మొదటిది భూ వినియోగం. మాస్టర్ ప్లాన్‌లో ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు ఉంటుంది. అది నివాసమా, వాణిజ్యమా, వ్యవసాయమా, పరిరక్షణా అన్నది ఆ రంగే చెబుతుంది. పరిరక్షణ జోన్‌లో పడ్డ పొలంలో కాలనీ కట్టాలంటే ముందు ఆ రంగు మారాలి.

రెండోది ఎఫ్‌ఎస్‌ఐ. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్ల కట్టడం కట్టొచ్చో చెప్పే లెక్క ఇది. వెయ్యి గజాల స్థలంలో ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాల కట్టడం. దాన్ని రెండంతస్తుల్లో పరుస్తారా, ఎనిమిదంతస్తుల్లో పేరుస్తారా అన్నది వేరే సంగతి. ఎఫ్‌ఏఆర్ అన్నా ఇదే.

మూడోది సెట్‌బ్యాక్. భవనానికి చుట్టూ వదలాల్సిన ఖాళీ. నాలుగోది ఎత్తు. దీన్ని సాధారణంగా ముందున్న రోడ్డు వెడల్పుకు ముడిపెడతారు. అయిదోది నీటి హద్దు. చెరువు నిండితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. దాని బయట బఫర్ ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు.

ట్రిపుల్ వన్ చర్చలో తరచూ కలగాపులగం అయ్యేది ఇక్కడే. ఎఫ్‌టీఎల్ వేరు, బఫర్ వేరు, ట్రిపుల్ వన్ వేరు. ఆ జీవో రద్దయినా చెరువు గర్భంలో ఇల్లు కట్టడం చట్టబద్ధం కాదు. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చేసిన కూల్చివేతల్లో తరచూ వినబడింది ఈ ఎఫ్‌టీఎల్, బఫర్ల మాటే. ట్రిపుల్ వన్ పరిధి ఇంతకంటే చాలా పెద్దది. మీటర్లలో కాదు, కిలోమీటర్లలో ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. వీటిని స్థానిక సంస్థల నిబంధనలు అనడం మన దగ్గర సగమే నిజం. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ ప్రణాళిక, భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ మునిసిపాలిటీల పనుల జాబితాలో ఉన్నాయి. ఆచరణలో మాత్రం జీవో రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏ గీస్తుంది. మునిసిపాలిటీకి మిగిలేది ఆ గీతల లోపల ప్లాను పాస్ చేయడం. తన ఊరు ఎంత పెరగాలన్న విషయంలో మొయినాబాద్ సర్పంచ్‌కు ఏనాడూ ఓటు లేదు.

పది కిలోమీటర్ల గీత ఎలా వచ్చింది

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన వరద నీటిని పట్టి ఉంచే జలాశయాలు కట్టాలన్నది ఆయన సలహా. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. వీటి మొదటి పని వరద ఆపడం. తాగునీరు దాంతోపాటు వచ్చిన లాభం. ఈ వరస గుర్తుంచుకుంటే తర్వాతి వాదన తేలికవుతుంది.

ఈ జలాశయాల రక్షణ కోసమే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వద్దంది. 84 గ్రామాలు, సుమారు 1,32,600 ఎకరాలు దీని కిందికి వచ్చాయి. ఈ భూమిలో 90 శాతం వ్యవసాయంతో కలిపి పరిరక్షణ, వినోద వినియోగానికే ఉండాలి. అనుమతి ఉన్నచోట లేఅవుట్ వేస్తే 60 శాతం స్థలం ఖాళీ జాగాలకు, రోడ్లకు వదలాలి. కట్టేచోట ఎఫ్‌ఎస్‌ఐ 0.5 దాటకూడదు.

ఈ గీతకు బలం తెచ్చింది సుప్రీంకోర్టు. సురానా ఆయిల్స్ అనే సంస్థ పది కిలోమీటర్ల లోపల నూనె పరిశ్రమ పెడతానంటే రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 1999లో, మళ్ళీ 2000లో ఇచ్చిన తీర్పుల్లో కోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. హాని జరుగుతుందని ఎవరో రుజువు చేసేదాకా ఆగక్కర్లేదు, హాని జరగదని నిరూపించే బాధ్యత కట్టేవాడిదే అన్నది దాని సారం. లక్షలమంది తాగే నీళ్ళ విషయంలో అలా ఒకరికి మినహాయింపు ఇవ్వడం కుదరదని తేల్చింది. దేశంలో పర్యావరణ న్యాయం చదివేవాళ్ళందరూ ఈ కేసు చదువుతారు. మన గండిపేట అలా పాఠ్యపుస్తకాలకెక్కింది.

హద్దు తీసేసిన ఒడ్డు

ట్రిపుల్ వన్ వచ్చిన పదేళ్ళకు, అదే రాష్ట్ర ప్రభుత్వం అదే నగరానికి పూర్తిగా వ్యతిరేక దిశలో మరో నిర్ణయం తీసుకుంది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితినే ఎత్తేసింది. 2012లో వచ్చిన జీవో 168 నిబంధనల్లోనూ అదే పద్ధతి సాగింది. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి సెట్‌బ్యాక్. మొత్తం ఎంత కట్టొచ్చన్న అంకె మాత్రం లేదు. మెట్రో నగరాల్లో ఇది అరుదైన పద్ధతి.

ఒక లెక్క వేద్దాం. రెండెకరాల చదరపు స్థలం, ఒక్కో పక్క 90 మీటర్లు, విస్తీర్ణం 8,100 చదరపు మీటర్లు. అంతస్తుకు 3 మీటర్ల ఎత్తు అనుకుందాం.

2012 నాటి పట్టిక ప్రకారం 12 మీటర్ల రోడ్డుంటే, అంటే నలభై అడుగుల రోడ్డుంటే, 21 మీటర్ల ఎత్తుకు చుట్టూ 7 మీటర్లు వదలాలి. మిగిలేది 76 మీటర్ల చదరం, ఏడంతస్తులు. మొత్తం సుమారు 40,400 చదరపు మీటర్లు. ఎఫ్‌ఎస్‌ఐ భాషలో చెబితే 5.

అదే స్థలం ముందు 30 మీటర్ల రోడ్డు, అంటే వందడుగుల రోడ్డు ఉందనుకోండి. 55 మీటర్ల ఎత్తుకు 16 మీటర్ల సెట్‌బ్యాక్. 58 మీటర్ల చదరం, పద్దెనిమిది అంతస్తులు, 60,500 చదరపు మీటర్లు. నిష్పత్తి 7.5. అక్కణ్నుంచి ప్రతి 5 మీటర్ల ఎత్తుకూ సెట్‌బ్యాక్ అర మీటరు పెరుగుతుంది. 100 మీటర్ల టవర్‌కు 20.5 మీటర్లు వదిలితే 49 మీటర్ల చదరం మిగులుతుంది. ముప్పైమూడు అంతస్తులకు 79,200 చదరపు మీటర్లు. నిష్పత్తి 9.8.

చూశారుగా, ఎత్తు పెరిగేకొద్దీ అడుగు తగ్గుతోంది, మొత్తం మాత్రం పెరుగుతూనే ఉంది. నిజంగా కట్టేటప్పుడు గాలీ వెలుతురుకు వదిలేది, ర్యాంపులు, పిల్లలు ఆడుకునే జాగా పోతాయి కనుక ఇంతా రాదు. ఇది కాగితం మీద పైకప్పు మాత్రమే. అయినా పోలిక చూడండి. ఇదే స్థలం చెన్నైలో ఉంటే హైరైజ్‌కు సాధారణ పరిమితి 3.25 కాబట్టి దాదాపు 26,300 చదరపు మీటర్లు. గండిపేట అవతల ట్రిపుల్ వన్ పరిధిలో ఉంటే 4,050. 1,600 చదరపు అడుగుల ఫ్లాట్ల లెక్కన కోకాపేట వైపు 500 పైచిలుకు, చెన్నైలో 175, చెరువు అవతల 27.

ఎకరా వంద కోట్లలో నేల ధర ఎంత, అంతస్తుల ధర ఎంత

హద్దులు తక్కువైతే ఇళ్ళు చవకవుతాయన్నది ఒక బలమైన వాదన. కట్టడానికి అనుమతి సులువుగా దొరికితే సరఫరా పెరుగుతుంది, ధర అదుపులో ఉంటుంది. ముంబైలో దశాబ్దాలపాటు ఎఫ్‌ఎస్‌ఐని బిగించి ఉంచడంవల్లే మధ్యతరగతికి ఇల్లు అందని పండైందని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. హైదరాబాద్‌లో జీతానికి తగ్గ ఇల్లు దొరికిందంటే ఈ సడలింపు పుణ్యమే అని బిల్డర్లు అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం.

కానీ నేల ధర చేతులు కట్టుకుని కూర్చోదు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. ఎకరా వంద కోట్లకు కొన్నవాడు 10 రెట్లు కడితే 4,35,600 చదరపు అడుగులొస్తాయి. అడుగుకు నేల ఖర్చు సుమారు 2,300 రూపాయలు. అదే స్థలంలో 3 రెట్లే కట్టాలంటే 1,30,680 చదరపు అడుగులు, నేల ఖర్చు అడుగుకు 7,650. ఆ ధరకు ఎవరూ కొనరు. అడుగుకు 2,300 దాటకూడదనుకునే బిల్డర్ 3 రెట్ల స్థలానికి ఎకరా 30 కోట్లకు మించి పాడడు.

అంటే వంద కోట్లలో డెబ్బై కోట్లు మట్టికి ఇచ్చినవి కావు, పైన కట్టబోయే అంతస్తులకు ఇచ్చినవి. రూలు ఎంత సడలితే వేలంలో పాట అంత పెరుగుతుంది. సడలింపువల్ల వచ్చిన లాభంలో పెద్దభాగం ఫ్లాటు కొనేవాడికి చేరకముందే నేల అమ్మినవాడి దగ్గర ఆగిపోతుంది. కోకాపేటలో నేల అమ్మింది ఎవరు? హెచ్‌ఎండీఏ. అంతస్తులకు రూలు రాసింది ఎవరు? దాని పైనున్న ప్రభుత్వం. రూలు రాసే చెయ్యి, వేలం సుత్తి పట్టిన చెయ్యి ఒకరివే అయినప్పుడు ఆ ఒడ్డున హద్దు పెట్టే తొందర ఎవరికుంటుంది? ఇందులో కుట్ర ఏమీ అక్కర్లేదు. ఖజానా అవసరం చాలు.

సడలింపు ఖర్చు మరోచోట తేలుతుంది. ఆ రెండెకరాల్లో 528 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే రోజూ 2.85 లక్షల లీటర్ల నీళ్ళు కావాలి. అందులో 80 శాతం మురుగై బయటికొస్తుంది. చెరువు అవతలి 27 ఇళ్ళకు కావలసింది 15 వేల లీటర్ల లోపే. ముందున్న వందడుగుల రోడ్డు మాత్రం టవర్ వచ్చాక నూటయాభై అడుగులు కాదు. ఎత్తైన భవనాల మీద ఇంపాక్ట్ ఫీజు వసూలు చేసేది ఈ భారం కోసమే. అది చాలుతోందా లేదా అన్నది సాయంత్రం ఏడింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఇంటికి బయల్దేరేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎత్తేశారా, లేదా?

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీవో 69 ఇచ్చింది. జంట జలాశయాల నుంచి నగరానికి వస్తున్న నీళ్ళు అవసరంలో 1.25 శాతం కూడా లేవు కాబట్టి ట్రిపుల్ వన్‌లోని ఆంక్షలు తొలగిస్తున్నామంది. అదే జీవోలో మెలిక కూడా ఉంది. నీటి నాణ్యత దెబ్బతినకుండా మార్గదర్శకాలు తేల్చడానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2023 మే 18న మంత్రివర్గం ట్రిపుల్ వన్‌ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు నిర్ణయించింది. ఆ ఏడాది చివర ప్రభుత్వమే మారింది. వివాదం కోర్టుల దాకా వెళ్ళింది.

ప్లాట్లు అమ్మేవాడు జీవో 69 చూపించి ఎత్తేశారంటాడు. కానీ ఎత్తేశాక దాని స్థానంలో ఏ రూలు? అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ ఉంటుందా, కోకాపేటలాగా ఉండదా? ఏ సర్వే నంబరు నివాసం, ఏది పరిరక్షణ? మురుగునీటి కేంద్రాలు ఎక్కడ? మాస్టర్ ప్లాన్‌లో రంగు మారనిదే, మార్గదర్శకాలు రానిదే పాత గీత చెరిపినంత మాత్రాన కొత్త లేఅవుట్‌కు అనుమతి పుట్టదు. ఆంక్ష పోయిందన్నమాటా, అనుమతి వచ్చిందన్నమాటా ఒకటి కాదు. ఆ రెంటి మధ్య సందులోనే ఫామ్ ప్లాట్ల పేరుతో గజాల లెక్కన బేరాలు జరుగుతాయి.

తాగని నీళ్ళకు కాపలా ఎందుకు అనేవాళ్ళు

రద్దు కోరేవాళ్ళ వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఇప్పుడు నగరం తాగేది కృష్ణ, గోదావరి, మంజీరా నీళ్ళు. 2004 నుంచి కృష్ణా దశలు ఒక్కొక్కటే వచ్చాయి, 2015కల్లా గోదావరి కూడా చేరింది. తాగునీటి కోసం పెట్టిన ఆంక్షకు తాగునీటి కారణమే పలచబడితే ఇంకా 84 ఊళ్ళను కట్టేసి ఉంచడం దేనికి?

పైగా ఈ ఆంక్షలు అందరికీ ఒకేలా తగల్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఈ చెరువుల పక్కనుంచే వెళ్ళింది. ప్రహరీగోడలు కట్టిన ఫామ్‌హౌస్‌లు వెలిశాయి, పెళ్ళిళ్ళ రిసార్టులు వచ్చాయి. కూతురి పెళ్ళికో కొడుకు చదువుకో ఎకరం అమ్ముకున్న రైతుకు మాత్రం ఔటర్‌కు అవతలున్న ధరలో చిన్న ముక్కే దక్కింది. కోటిమందికి పైగా ఉన్న నగరానికి పచ్చదనం కావాలంటే ఆ ఖర్చు నగరం పెట్టుకోవాలి గానీ 84 ఊళ్ళ మీద రుద్దడమేమిటన్నది వాళ్ళ ప్రశ్న. ముప్పై ఏళ్ళలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు ఇచ్చిన ప్రభుత్వం లేదు.

ఇంత బలమైన వాదనలో ఒక చిక్కుంది. అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు. ఇప్పుడు ధర పెరిగితే లాభపడేది ఆంక్షలున్నప్పుడు తక్కువకు కొని, ఎప్పటికైనా ఎత్తేస్తారని కాచుకున్నవాడు. రైతు పేరు మీద జరిగే రద్దులో రైతు వాటా ఎంత అన్నది సర్వే నంబర్ల వారీగా చూస్తే తప్ప తెలియదు. అలా లెక్క తీసి జనం ముందు పెట్టకుండా ఇటు రద్దు చేసినా అటు ఉంచినా అది గుడ్డి నిర్ణయమే.

వరదకు తాగునీటి లెక్క పనికిరాదు అనేవాళ్ళు

ఆంక్షలు ఉండాలనేవాళ్ళు మొదట గుర్తుచేసేది 1908నే. ఆ చెరువులు కట్టింది వరద ఆపడానికి. 1.25 శాతమన్నది తాగునీటి లెక్క. వరదకు ఆ లెక్కతో పనిలేదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సొచ్చింది. 2025 సెప్టెంబరు చివర్లో రెండు జలాశయాల నుంచీ నీళ్ళు వదిలితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి. వరద ఎంత, అది ఎంత త్వరగా వస్తుంది అన్నది పరివాహక నేల మీద ఆధారపడి ఉంటుంది.

దీనికీ ఒక లెక్క ఉంది. 1,32,600 ఎకరాల మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే పడే నీళ్ళు సుమారు 1.9 టీఎంసీలు. రెండు జలాశయాల పూర్తి నిల్వ కలిపితే 6.9 టీఎంసీల దగ్గర. పొలాలు, చెట్లు, కుంటలు ఉన్న నేల సగం నీటిని పట్టుకుందనుకుందాం, కిందికి పారేది 0.95 టీఎంసీ. అదే నేల కప్పులు, సిమెంటు రోడ్లు అయి అయిదో వంతే పట్టుకుంటే పారేది 1.5 టీఎంసీ. ఈ శాతాలు నేను ఊహించుకున్నవి. పైగా 84 గ్రామాల భూమి అంతా చెరువులకు ఎగువనే లేదు, కొంత దిగువనా ఉంది. పరివాహక ప్రాంతమేమో ఈ గీత దాటి ఇంకా చాలా దూరం పోతుంది. కాబట్టి అంకెను పట్టుకోకండి, దిశను చూడండి. ఒకే వాన, ఒకే చెరువు, గేటు దగ్గరకొచ్చే నీళ్ళు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. అవి గంటల్లో వస్తాయి.

మురుగు సంగతి వేరే చెప్పాలా? ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ చుట్టూ ఏం జరిగిందో ట్యాంక్‌బండ్ మీద నిలబడి ముక్కు మూసుకున్నవాళ్ళకు తెలుసు. పంపులతో వంద కిలోమీటర్ల నుంచి తెచ్చే నీటికి కరెంటు బిల్లుంటుంది. ఎగువన ఉండి వాలుకు దానంతటదే వచ్చే నీటి వనరును అవసరం తగ్గిందని వదులుకోవడం తెలివైన పనేనా అన్నది వీళ్ళ ఎదురు ప్రశ్న. కరువొస్తే కృష్ణకూ వస్తుంది కదా.

అయితే వీళ్ళ వైపూ లోటు ఉంది. పది కిలోమీటర్ల వలయం గీసుకున్నారు గానీ నీళ్ళు వలయాల్లో పారవు, వాగుల్లో పారతాయి. దిగువన ఉన్న కొన్ని ఊళ్ళ మీద పడే వాన ఈ చెరువుల్లోకి రానే రాదు. వలయం బయట ఎగువన వాగు గట్టునున్న ఊరికి ఆంక్షలే లేవు. శాస్త్రీయంగా చూస్తే గీత కొన్నిచోట్ల అక్కర్లేనంత పొడుగు, కొన్నిచోట్ల చాలనంత పొట్టి. సులువుగా గీయొచ్చనీ కోర్టులో నిలబడుతుందనీ వలయాన్ని ఎంచుకుంటే రక్షించాల్సిన వాగు బయట మిగిలిపోతుంది.

హద్దులు నిజంగా ఊరివాళ్ళ చేతిలో ఉంటే?

స్థానిక నిర్ణయమైతే న్యాయంగా ఉంటుందేమో అనిపించవచ్చు. దానికి కాలిఫోర్నియా మంచి ఉదాహరణ. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన పెటలూమా అనే చిన్న పట్టణం 1972లో ఏడాదికి 500 ఇళ్ళకే అనుమతి అని గీత గీసుకుంది. బిల్డర్లు కోర్టుకెళ్ళారు. కింది కోర్టు ప్లాన్‌ను కొట్టేసింది, 1975లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు నిలబెట్టింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అక్కడి పట్టణాలు ఇలా అనేక రకాల హద్దులు పెట్టుకున్నాయి. ఒక స్థలంలో ఒక కుటుంబమే ఉండాలన్న జోనింగ్ వాటిలో ముఖ్యమైనది.

ఊళ్ళో ఇప్పటికే ఇల్లున్నవాడికి ఓటుంది. కొత్తగా రావాలనుకునేవాడికి అక్కడ ఓటులేదు. కనుక హద్దు ఎప్పుడూ ఉన్నవాడి వైపే మొగ్గింది. సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఇద్దరూ సంపాదిస్తూ కూడా ఇల్లు కొనలేక డాలస్ వెళ్ళిపోయిన తెలుగు కుటుంబాలకు దీని ఫలితం తెలుసు. చివరికి రాష్ట్రమే కల్పించుకోవాల్సొచ్చింది. 2021లో చేసిన ఎస్‌బీ 9 చట్టం ఒకే ఇంటి స్థలాల్లో రెండిళ్ళకూ, స్థల విభజనకూ దారి తెరిచింది. అంటే ఒకచోట రాష్ట్రం నిర్ణయిస్తే ఊరు నష్టపోయింది, మరోచోట ఊరు నిర్ణయిస్తే ఊళ్ళోకి రాలేనివాళ్ళు నష్టపోయారు.

ఉంచడానికీ ఎత్తేయడానికీ మధ్య

ఈ చర్చను అవునా కాదా అని నడపడంవల్లే అది ముప్పై ఏళ్ళుగా ఒక్కచోటే తిరుగుతోంది. ప్రణాళికా నిపుణులు సాధారణంగా చెప్పే మధ్యమార్గాలు రెండు. ఒకటి, వలయం బదులు వాగులు, వాలు, నేల స్వభావం చూసి గీతలు మళ్ళీ గీయడం. వాగు గట్టున కఠినంగా, మెట్టమీద సడలింపుగా. దానికి సర్వే కావాలి, ఓపిక కావాలి, ఏ సర్వే నంబరు ఎటు పడిందన్న ఒత్తిడికి లొంగని అధికారి కావాలి. మూడోదే కష్టం.

రెండోది టీడీఆర్. బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు డబ్బు బదులు ఇచ్చే సర్టిఫికెట్‌గా ఇది మనకు పరిచయమే. అదే పద్ధతిలో మొయినాబాద్ రైతుకు నీ పొలం పొలంగానే ఉంచు, నువ్వు కట్టకుండా వదిలేసిన అంతస్తులకు ఈ కాగితం, దీన్ని కోకాపేట బిల్డర్‌కు అమ్ముకో అని చెప్పవచ్చు. చెరువు మిగులుతుంది, రైతుకు డబ్బొస్తుంది, ఖర్చు నగరం పెడుతుంది. కాగితం మీద ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు కనబడదు.

కానీ ఆ కాగితం కొనేదెవరు? ఎఫ్‌ఎస్‌ఐ 3.25 ఉన్న ఊళ్ళో నాలుగో రెట్టు కావలసిన బిల్డర్‌కు టీడీఆర్ అవసరం. వందడుగుల రోడ్డు మీద తొమ్మిది రెట్లు ఊరికే దొరికే ఊళ్ళో పదో రెట్టుకు డబ్బెందుకు పెడతాడు? అదనపు అంతస్తులు, సెట్‌బ్యాక్ సడలింపులు వంటివాటికి టీడీఆర్ వాడుకోనిచ్చి గిరాకీ తెచ్చే ప్రయత్నాలు జరిగాయి. ఎంత చేసినా గిరాకీకి మూలం కొరత. చెరువు తూర్పు ఒడ్డున ఏదో ఒక అంకె దగ్గర గీత గీస్తేనే పడమటి ఒడ్డున రైతు చేతిలోని కాగితానికి ధర పుడుతుంది. ఆ గీత గీసిన రోజున కోకాపేటలో తర్వాతి వేలం పాట ఎంత తగ్గుతుందో పైన వేసిన లెక్కే చెబుతుంది. ఆ తగ్గేది హెచ్‌ఎండీఏ ఖాతాలోంచి.